తెవికీని నడిపేదెవరు, ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

శిక్షణ శిబిరాల్లో, పుస్తక ప్రదర్శనల్లో, ఫోన్లలో కొత్తవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటికి జవాబులు ఒకచోట పెడదామని ఈ పేజీ. తెలుగు వికీపీడియాను అందరం తెవికీ అనే అంటాం, ఇక్కడా అదే మాట వాడాను. క్రమంలో చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి.

ఇదంతా రాసేదెవరు? జీతం ఎవరిస్తారు?

జీతం లేదు. రాసేవాళ్ళలో రిటైరైన ఉపాధ్యాయులున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, ఇంజనీర్లు, విద్యార్థులు, గృహిణులున్నారు. ఇంగ్లీషు వికీపీడియా 2001 జనవరి 15న మొదలైతే, తెవికీ 2003 డిసెంబరులో మొదలైంది. మొదలుపెట్టింది వెన్న నాగార్జున. ఆంగ్ల లిపిలో కొట్టిన తెలుగును తెలుగు లిపిలోకి మార్చే "పద్మ" అనే పనిముట్టును తయారుచేసింది కూడా ఆయనే. అప్పట్లో కంప్యూటర్లో తెలుగు కనబడటమే పెద్ద విశేషం. ఇప్పుడు వ్యాసాలు లక్ష దాటాయి.

సర్వర్లు, సాఫ్టువేరు, కోర్టు వ్యవహారాలు చూసుకునేది శాన్‌ఫ్రాన్సిస్కోలోని వికీమీడియా ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ. పేజీ పైన అప్పుడప్పుడూ కనబడే విరాళాల అభ్యర్థన వాళ్ళదే. ఏ వ్యాసం ఉండాలి, ఏది పోవాలి, ఏ వాక్యం ఎలా ఉండాలి అన్నది వాళ్ళు చెప్పరు. అది ఇక్కడ రాసేవాళ్ళే తేల్చుకుంటారు. డబ్బు పుచ్చుకుని ఎవరి గురించైనా రాస్తే ఆ సంగతి బయటపెట్టాలని వాడుక నియమాల్లోనే ఉంది. బయటపెట్టకుండా రాసేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. పొగడ్తల మోతాదు చూస్తేనే పట్టుబడిపోతారు.

ఎవరైనా మార్చెయ్యొచ్చంటున్నారు. మరి నమ్మడం ఎలా?

గుడ్డిగా నమ్మమని మేమూ చెప్పం. కానీ ఎవరైనా మార్చెయ్యొచ్చు అన్నది సగం సంగతే. ఏ మార్పునైనా ఎవరైనా చూడొచ్చు, వెనక్కి తిప్పొచ్చు అన్నది మిగతా సగం.

ఏ వ్యాసంలోనైనా పైన "చరిత్ర" అనే ట్యాబు నొక్కండి. ఆ పేజీ పుట్టిన రోజు నుంచీ జరిగిన ప్రతి మార్పూ వరసగా ఉంటుంది: ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎన్ని బైట్లు పెరిగింది, ఎన్ని తగ్గింది. పెరిగితే పచ్చ అంకె, తగ్గితే ఎర్ర అంకె. ఏ రెండు కూర్పులనైనా ఎంచుకుంటే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, మారిన అక్షరాలకు రంగు వేసి చూపిస్తుంది. కొన్నాళ్ళు ఈ పనిచేసినవాళ్ళకు పేజీ తెరవకుండానే అనుమానం వస్తుంది. పెద్ద వ్యాసంలో మైనస్ మూడు వేలు అని ఎర్రగా కనబడి, పక్కన మార్పు సారాంశం (ఏం మార్చారో రాసే చిన్న గమనిక) ఖాళీగా ఉందంటే ఎవరో ఓ విభాగాన్ని మొత్తం లేపేశారని అర్థం.

తాజాగా జరిగిన మార్పులన్నీ కనబడే "ఇటీవలి మార్పులు" అనే పేజీని రోజూ చూసే వాడుకరులు (ఇక్కడ రాసేవాళ్ళను, దిద్దేవాళ్ళను అలా అంటాం) కొందరున్నారు. వాళ్ళ పేర్లు పాఠకులకు ఎప్పటికీ తెలియవు. తెవికీ పరువు నిలబెడుతున్నది వాళ్ళేనని నా అభిప్రాయం. కొత్త సినిమా విడుదలైన రోజు వాళ్ళకు చేతినిండా పని. వసూళ్ళ అంకె గంటగంటకూ పెరుగుతుంది, ఒక అభిమాని పెంచితే ఇంకో హీరో అభిమాని వచ్చి తగ్గిస్తాడు. అది మరీ ముదిరితే నిర్వాహకులు (అదనపు అధికారాలున్న వాడుకరులు) ఆ పేజీని కొన్నాళ్ళు సంరక్షణలో పెడతారు, అంటే కొత్త ఖాతాలవాళ్ళు దాన్ని మార్చలేరు.

ఇలాంటి దుశ్చర్యలు తొందరగానే దొరికిపోతాయి. దొరకనివి వేరే ఉన్నాయి: పుట్టిన సంవత్సరం 1927 బదులు 1929 అని పడటం, ఒకరి పుస్తకం ఇంకొకరి ఖాతాలో చేరడం. వీటికి మందు ఒక్కటే, వాక్యం చివర మూలం ఉండటం. మూలం లేని వాక్యాన్ని చదివితే నమ్మకండి, కుదిరితే దానికి మూలం వెతికి పెట్టండి.

మా ఊరి పేజీలో జిల్లా పేరు తప్పుంది. మీరెవరూ చూసుకోరా?

ఇది మాకు ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న. కాస్త వివరంగా చెప్పనివ్వండి, తెవికీలో పని ఎలా జరుగుతుందో కూడా దీంతోనే తెలుస్తుంది.

రెండు రాష్ట్రాల్లో దాదాపు ప్రతి రెవెన్యూ గ్రామానికీ తెవికీలో పేజీ ఉంది. తొలి రోజుల్లో బాటు అనే ప్రోగ్రాముతో వేలాది పేజీలు సృష్టించారు. ఒక్కో పేజీలో ఒకటే వాక్యం ఉండేది: ఫలానా ఊరు, ఫలానా మండలం, ఫలానా జిల్లా. అలాంటి పొట్టి వ్యాసాలను మేం మొలకలంటాం. తరవాత 2011 జనగణన వివరాలు వాటిలోకి చేర్చారు. జనాభా, బడులు, ఆసుపత్రులు, తాగునీరు, సాగుభూమి.

ఆ తరవాత తెలంగాణలో 2016 అక్టోబరు 11న పది జిల్లాలు ముప్ఫై ఒకటయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట వచ్చి చేరాయి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ కాస్తా వరంగల్ అయింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. జీవో ఒక్క రోజులో వస్తుంది. దాని వెనక వికీలో మారాల్సిన పేజీలు వేలల్లో ఉంటాయి.

ఉదాహరణకు బమ్మెర. పోతన ఊరు, పాలకుర్తి మండలం. 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు జనగామ జిల్లా. ఆ ఒక్క ఊరికి మార్చాల్సినవి చూడండి: మొదటి వాక్యం, కుడిపక్క సమాచారపెట్టె, అడుగున వర్గం (ఒకే రకం వ్యాసాలను కలిపే శీర్షిక), మండలం పేజీలోని గ్రామాల జాబితా, మండలాన్ని చూపే మూస (ఎన్నో పేజీల్లో ఒకేలా కనబడే పెట్టె), పాత జిల్లా పేజీలోని మండలాల జాబితా, కొత్త జిల్లా పేజీ. మూస ఒకచోట మారిస్తే అది వాడిన పేజీలన్నిట్లోనూ మారిపోతుంది, అది మన అదృష్టం. వాక్యాలు మాత్రం అలా మారవు. ఆటోవికీబ్రౌజర్ అనే పనిముట్టు పెట్టుకుని ఒక్కో మండలం తీసుకుని, పేజీ తరవాత పేజీ చూసుకుంటూ వెళ్ళాలి. మొత్తం బాటుకు అప్పగించేస్తే అది "వరంగల్ జిల్లాలో 1940లో జరిగిన" అన్న వాక్యాన్ని కూడా మార్చి కూర్చుంటుంది, చరిత్రే తారుమారైపోతుంది.

పేరు మారని చోట చిక్కు ఇంకా ఎక్కువ. పశ్చిమ గోదావరి జిల్లా అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కానీ అప్పటి జిల్లా కేంద్రం ఏలూరు, ఇప్పటిది భీమవరం. ఏలూరు పేరుతో వేరే జిల్లా వచ్చింది. కాబట్టి "పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టాడు" అని ఒక రచయిత పేజీలో ఉంటే, ఊరి పేరు చూడకుండా అది సరైనదో కాదో చెప్పలేం. పాతకాలపు మనుషుల పేజీల్లో "అప్పటి ఫలానా జిల్లా, ఇప్పటి ఫలానా జిల్లా" అని రాసే పద్ధతి అలా వచ్చిందే.

ఇక జనగణన లెక్కల సంగతి. మా ఊళ్ళో ఇప్పుడు హైస్కూలుంది, మీ పేజీలో లేదంటున్నారు అని కోప్పడేవాళ్ళున్నారు. ఆ లెక్కలు 2011వి. 2021లో జరగాల్సిన జనగణన అప్పుడు జరగలేదు. హైస్కూలు వచ్చిందని పత్రికలో వార్త ఉంటే, దాన్ని మూలంగా ఇచ్చి మీరే చేర్చండి. మీ ఊరి సంగతి మీకంటే బాగా మాకెవరికి తెలుస్తుంది?

ఇంకోటి. మీరు చూసిన పేజీ అసలు మీ ఊరిదేనా? కొత్తపల్లి, రామాపురం లాంటి పేర్లతో ఊళ్ళు ఎన్నున్నాయో లెక్కే లేదు. వాటి కోసం "అయోమయ నివృత్తి" పేజీలు పెడతాం. మండలం పేరు చూసి మీ ఊరు ఎంచుకోండి. ముందు పొరుగు మండలం రామాపురంలో మీ ఊరి గుడి గురించి రాసేసి, ఆ తరవాత వాదనకు దిగినవాళ్ళను చూశాం.

ఖాతా తెరవాలా?

తెరవకపోయినా మార్చొచ్చు. తెరిస్తే మీ పనంతా మీ పేరు మీద ఉంటుంది, మీకు కావలసిన పేజీల్లో మార్పులు చూపే "వీక్షణ జాబితా" పెట్టుకోవచ్చు, ఎవరైనా మీతో మాట్లాడొచ్చు. అసలు పేరే పెట్టాలని లేదు. ఈమెయిలు మాత్రం ఇచ్చి పెట్టుకోండి, లేకపోతే పాస్‌వర్డు మర్చిపోయిన రోజు ఖాతా పోయినట్టే.

తెలుగులో టైపు చెయ్యడం రాదు.

ఫోన్లో మీరు వాట్సాప్‌లో ఎలా కొడతారో ఇక్కడా అలాగే. కంప్యూటరైతే వికీలోనే టైపింగు సౌకర్యం ఉంది, ఇన్‌స్క్రిప్టు అయినా, ఆంగ్ల అక్షరాలతో కొట్టే పద్ధతైనా ఎంచుకోవచ్చు. మాట్లాడితే రాసిపెట్టేవీ వచ్చాయి. కాకపోతే అవి కామా పెట్టవు, ఒత్తులు మింగేస్తాయి. ప్రచురించే ముందు ఓసారి చదువుకోండి.

మా తాతగారు గొప్ప పండితులు. ఆయన గురించి రాయొచ్చా?

ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఆయన గురించి మీ కుటుంబం, శిష్యులు కాకుండా ఇంకెవరైనా రాశారా? పత్రికలో వ్యాసం, సాహిత్య చరిత్ర పుస్తకంలో ఒక పేరా, విశ్వవిద్యాలయం వేసిన సంచికలో ప్రస్తావన ఉంటే వ్యాసానికి దారి ఉంది. మేం "విషయ ప్రాముఖ్యత" అనేది దీన్నే. అవేవీ లేకపోతే ఆయన గొప్పవాడు కాదని కాదు, విజ్ఞాన సర్వస్వంలో రాయడానికి ఆధారం లేదని మాత్రమే. ఇంట్లో ఉన్న ఉత్తరాలు, మీ జ్ఞాపకాలు ఇక్కడ మూలాలుగా పనికిరావు.

ఆధారాలు ఉన్నా మీరే రాయడం అంత మంచిది కాదు. సొంతవాళ్ళ గురించి రాసేటప్పుడు కలం మన మాట వినదు. చర్చ పేజీలో (వాడుకరులు మాట్లాడుకునే పేజీ) మూలాలు పెట్టి, ఎవరైనా రాయండని అడగండి. నా అనుభవంలో పుస్తకం పేరు, పేజీ సంఖ్యతో సహా ఇస్తే ఎవరో ఒకరు అందుకుంటారు.

మీ గురించి మీరే రాసుకోవచ్చా అని కూడా అడుగుతుంటారు. వద్దు.

నేను కష్టపడి రాసింది తీసేశారు. ఇదేం మర్యాద?

కోపం వస్తుంది, నిజమే. తీసెయ్యడానికి కారణాలు సాధారణంగా మూడు నాలుగే. అన్నిటికంటే ఎక్కువగా కనబడేది కాపీ. పత్రికలోనో బ్లాగులోనో ఉన్నదాన్ని తెచ్చి అతికించడం. ఇక్కడ రాసిందంతా స్వేచ్ఛా లైసెన్సు కింద లోకానికి ఇచ్చేస్తున్నాం, మనది కానిదాన్ని ఇచ్చే హక్కు మనకు లేదు. పత్రికవాళ్ళు ఏమీ అనరులే అన్నది సమాధానం కాదు. విషయం తీసుకోండి, వాక్యాలు మీవి రాసుకోండి. రచయిత పోయిన తరవాత అరవయ్యేళ్ళు గడిచిన రచనలకు మన దేశంలో కాపీహక్కు ఉండదు. వాటిని వాడుకోవచ్చు, ఎక్కడివో చెప్పి.

ఆ తరవాతది ప్రచారం. "అందరి మన్ననలూ పొందిన", "అచిరకాలంలోనే అగ్రస్థానానికి చేరిన" అని మొదలైతే నిర్వాహకుడి చెయ్యి తొలగింపు మీట మీదకు వెళ్తుంది. ఇక మిగిలినవి మూలాలు లేకపోవడం, ఆ విషయంపై అప్పటికే వేరే పేరుతో వ్యాసం ఉండటం. ఈ చివరిదైతే నష్టమేమీ లేదు, మీరు రాసినదాన్ని అందులో కలిపి, మీరు పెట్టిన పేరును దారిమార్పు చేస్తారు, అంటే ఆ పేరు నొక్కితే పాత వ్యాసానికే వెళ్తుంది.

తొలగించినవి పూర్తిగా పోవు. నిర్వాహకులకు కనబడుతూనే ఉంటాయి, తగిన కారణం చూపితే వెనక్కి తేవచ్చు. తీసేసినవారి చర్చ పేజీలో మర్యాదగా అడగండి. మొదటి ప్రయత్నాలు సాధన కోసం ఉన్న "ప్రయోగశాల"లో చేసుకుంటే ఈ బాధ చాలావరకు ఉండదు.

పెద్దవాళ్ళను "అన్నాడు, రాశాడు" అంటారేమిటి? "గారు" పెడితే పోయేదేముంది?

తెవికీలో పాతికసార్లు కాకపోయినా చాలాసార్లు నడిచిన చర్చ ఇది. ఇంట్లో, సభలో మనం గారు లేకుండా మాట్లాడం. విజ్ఞాన సర్వస్వంలో ఎవరికి గారు పెట్టాలి, ఎవరికి పెట్టకూడదు అన్న తూకం మొదలైతే అక్కడే పక్షపాతం మొదలవుతుంది. ముఖ్యమంత్రికి పెట్టి జానపద కళాకారుడికి పెట్టకపోతే? ఒక పార్టీ నాయకుడికి పెట్టి ఇంకొకరికి పెట్టకపోతే? అందుకని వ్యాసాల్లో అందరికీ ఏకవచనమే అని నియమం పెట్టుకున్నాం. నన్నయకూ అదే, నిన్న మొన్నటి నటుడికీ అదే. మన పాత సాహిత్య చరిత్రలు తిరగేస్తే ఈ పద్ధతి కొత్తదేం కాదని మీకే తెలుస్తుంది. చర్చ పేజీల్లో తోటి వాడుకరిని మాత్రం గారు అనే అంటాం. పేజీ పైన ఏకవచనం, పేజీ వెనక బహువచనం.

ఇంగ్లీషు వ్యాసాన్ని ఏఐతో అనువదించి పెట్టేస్తే పనైపోతుంది కదా?

పెట్టడం అవుతుంది, పని అవదు. ఈ ముచ్చట మాకు పాతదే. 2009 తరవాత గూగుల్ తన అనువాద పనిముట్లతో, డబ్బిచ్చి పెట్టుకున్న అనువాదకుల చేత, తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల వికీపీడియాల్లో పెద్ద పెద్ద వ్యాసాలు చేర్పించింది. అంకెలు పెరిగాయి. చదవబోతే ఇంగ్లీషు వాక్యం తెలుగు చొక్కా తొడుక్కున్నట్టుండేది. దిద్దుదామని కూర్చున్నవాళ్ళు మొదటి నుంచి రాయడమే తేలికని లేచిపోయారు. చివరికి చర్చించి, వాటిలో చాలావాటిని తొలగించాల్సి వచ్చింది.

ఇప్పటి యంత్రాలు నయం. అయినా ఇలాంటి వాక్యాలు రోజూ కనబడతాయి: "అతను ఒక భారతీయ నటుడు, అతను ప్రధానంగా తెలుగు చిత్రాలలో తన పనికి ప్రసిద్ధి చెందాడు." ఏం దిద్దాలో చూడండి. "ఒక" అక్కర్లేదు. "అతను" రెండుసార్లు అక్కర్లేదు. "తన పనికి" అన్నది మనం అనే మాట కాదు. "అతను ప్రధానంగా తెలుగు సినిమాల్లో నటించాడు" అంటే సరిపోతుంది. వాక్యం సగానికి సగం తగ్గింది, చెప్పాల్సింది ఏదీ పోలేదు.

వికీలో అనువాదానికని ఒక పరికరం ఉంది. యంత్రం ఇచ్చినదాన్ని తగినంత దిద్దకపోతే ప్రచురించనివ్వదు. అది మంచి పనే. ఏఐ చేత మొదటి నుంచి వ్యాసం రాయిస్తే వచ్చే చిక్కు ఇంకోటి: అది లేని పుస్తకాలకు పేజీ సంఖ్యలతో సహా మూలాలిస్తుంది. అలాంటిది ఒక్కటి పట్టుబడితే మీరు అంతకుముందు చేర్చినవన్నీ మళ్ళీ తనిఖీ చెయ్యాలి, ఆ శ్రమ ఇంకెవరి మీదో పడుతుంది.

గొడవలొస్తే ఎవరు తీరుస్తారు?

వ్యాసం గురించైతే ఆ వ్యాసపు చర్చ పేజీలో. అందరికీ సంబంధించినదైతే రచ్చబండ అనే ఉమ్మడి చర్చ పేజీలో. పేరుకు తగ్గట్టే అక్కడ మాట పెరుగుతుంది, కొన్నిసార్లు నెలలు సాగుతుంది. రాష్ట్ర విభజన రోజుల్లో వ్యాసాల్లో "ఆంధ్రప్రదేశ్" అని ఉన్న ప్రతిచోటా ఏం చెయ్యాలన్నది ఊహించుకోండి. అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకోవడమే పద్ధతి. కుదరనప్పుడు ఓటింగు పెడతారు. ఒకరి మార్పును ఇంకొకరు పదేపదే వెనక్కి తిప్పుతుంటే ఇద్దర్నీ ఆపుతారు, ఎవరిది ఒప్పన్నది తరవాతి సంగతి.

నిర్వాహకులంటే సంపాదకులా?

కాదు. తోటి వాడుకరులే చర్చించి, ఓటేసి ఎన్నుకుంటారు. పేజీలు తొలగించడం, సంరక్షించడం, దుశ్చర్యలు చేసేవారిని నిరోధించడం లాంటి అదనపు మీటలు వాళ్ళ దగ్గరుంటాయి. ఒక వాక్యం మీద వాదనలో వాళ్ళ మాటకు మీ మాట కంటే ఎక్కువ విలువేం లేదు. పనిచెయ్యడం మానేస్తే హోదా పోతుంది.

ఫోటోలు ఎక్కడి నుంచి తేవాలి?

మీ ఫోను నుంచి. గూగుల్లో దొరికింది, ఫేస్‌బుక్కులో వచ్చింది పనికిరావు. మీరు తీసిన ఫోటోను ఉమ్మడి బొమ్మల గిడ్డంగి అయిన వికీమీడియా కామన్స్‌లో ఎక్కిస్తే అన్ని భాషల వికీపీడియాలూ వాడుకుంటాయి. ట్యాంక్‌బండ్ మీది విగ్రహాల ఫోటోలు పెట్టొచ్చు, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాలకు, భవనాలకు మన చట్టంలో వెసులుబాటు ఉంది. గోడమీద వేసిన వర్ణచిత్రానికి ఆ వెసులుబాటు లేదు. ఊరి బస్టాండు, చెరువుగట్టు, శాసనం, సంతలో అమ్మే దుంప, ఏదైనా సరే. గ్రామ వ్యాసాల్లో ఎక్కువ వాటికి ఒక్క ఫోటో కూడా లేదు.

నాకు రాయడం రాదు, చదవడం ఇష్టం. నాకేమైనా పని ఉందా?

వికీసోర్స్‌కు వెళ్ళండి. కాపీహక్కు తీరిన తెలుగు పుస్తకాల స్కాన్లు అక్కడున్నాయి. ఎడమపక్క యంత్రం చదివిన పాఠ్యం, కుడిపక్క అసలు పేజీ బొమ్మ. మీరు పోల్చి దిద్దితే పేజీ రంగు పసుపవుతుంది. రెండో మనిషి సరిచూస్తే ఆకుపచ్చవుతుంది. పాత అచ్చులో "ఘ"కూ "ఝ"కూ తేడా కనిపెట్టడం, అరసున్నలను వదలకుండా పట్టుకోవడం ఒక సరదా. కొమర్రాజు లక్ష్మణరావు "ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం" తలపెట్టి, మూడు సంపుటాలు తెచ్చి, పని పూర్తికాకుండానే 1923లో కన్నుమూశాడు. తెవికీలో బాగా కృషిచేసినవారికి ఆయన పేరు మీద పురస్కారం ఇచ్చారు.

మీరెప్పుడైనా కలుసుకుంటారా?

కలుస్తాం. పదేళ్ళ పండగ 2014లో విజయవాడలో, మరుసటేడు వార్షికోత్సవం తిరుపతిలో జరిగాయి. దేశంలోని వికీపీడియన్లందరి సమావేశం 2023 ఏప్రిల్‌లో హైదరాబాదులో పెట్టారు. మిగతా రోజుల్లో ఆన్‌లైన్లోనే. ఏళ్ళ తరబడి కామాల మీద వాదులాడుకున్న మనుషులు ఎదురుపడి, "ఓహో మీరేనా" అనుకోవడం అక్కడ మామూలే.

రోజుకు పావుగంటే ఉంది. ఎక్కడ మొదలుపెట్టను?

కొత్త వ్యాసంతో మాత్రం కాదు. మీ మండలం పేజీ తెరవండి. అక్షరదోషాలుంటే దిద్దండి. "ప్రస్తుత సర్పంచి" అన్న మాట కనబడితే ఏ సంవత్సరపు ప్రస్తుతమో చూసి ఆ సంవత్సరం వెయ్యండి. పత్రికల పాత లింకులు చచ్చిపోయి ఉంటే వేబ్యాక్ మెషీన్లో (పాత వెబ్ పేజీల నకళ్ళు దాచే సైటు) వెతికి, దొరికిన కూర్పును జతచెయ్యండి. ప్రతి మార్పుకూ సారాంశం పెట్టెలో రెండు ముక్కలు రాయండి: "జిల్లా సరిచేశాను", "మూలం చేర్చాను". ఇటీవలి మార్పులు చూసేవాళ్ళకు దాంతో సగం పని తగ్గుతుంది.

తప్పు కనబడింది, కానీ చెయ్యి పెట్టాలంటే భయం.

"చర్చ" ట్యాబు నొక్కి, ఏ వాక్యం తప్పో, ఏది ఒప్పో, ఎక్కడ చదివారో రాసి ప్రచురించండి. వారం చూసి ఎవరూ పలకకపోతే రచ్చబండలో ఆ పేజీ లింకు వెయ్యండి. అక్కడా ఎవరూ పలకకపోతే మీరే మార్చేయండి.